అచ్చులక్క

కార్ఖానాలో అందరూ ఆమెను అచ్చులక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా మిషన్ల ప్లాస్టిక్ డొప్పల మీద పేర్లు అద్దడమే ఆమె పని. ఉక్కుపలక మీద చెక్కిన అక్షరాల్లో రంగు నిండుతుంది, పైరంగును బ్లేడు గీకేస్తుంది, మెత్తటి ప్యాడు దిగి ఆ అక్షరాలను ఎత్తుకొచ్చి డొప్ప మీద అద్దుతుంది. ఇదేం బ్రహ్మవిద్యా అనేవాళ్లు ఒక్కపూట కూర్చుంటే తెలుస్తుంది. వెంట్రుకవాసి జరిగినా డొప్ప చెత్తబుట్టలోకే.

ఆ రోజు ఆసుపత్రుల సెలైన్ మిషన్ల డొప్పలు, నాలుగు వందలు. పైన కంపెనీ గుర్తు, కింద మీటల పక్కన పెంచు, తగ్గించు, ఆపు. మూడింటికి లారీ వస్తుంది.

రంగు కలిపేది ఆమె చెల్లెలు. మేనేజరు కాళ్లావేళ్లా పడి నెల కిందట అక్కే పెట్టించింది. రంగులో హార్డ్‌నర్ పోస్తేనే అచ్చు నిలుస్తుంది. పోసినవాళ్లు డబ్బా మీద టిక్కు పెట్టాలి. ఆ టిక్కు చూసే అక్క పొద్దున అచ్చు మిషను నడిపింది.

రెండున్నరకు చేతులు తుడుచుకుంటూ రంగుల అలమర వైపు చూసింది. హార్డ్‌నర్ సీసాకు సీలు అలాగే ఉంది. చెల్లెలి వైపు తిరిగింది.

"పొయ్యలేదా?"

చెల్లెలి ముఖం పాలిపోయింది. "ముందు టిక్కు పెట్టానక్కా. సీసా తీసేలోపు ఎవరో పిలిచారు, మర్చిపోయా."

అక్క గుడ్డ మీద స్పిరిట్ పోసి ఒక డొప్పను తుడిచింది. 'ఆపు' గుడ్డకు వచ్చేసింది.

"టేపు అతికించి పీకి చూసినా అచ్చు ఊడలేదుగా! స్పిరిట్‌తో ఎవరు తుడుస్తారు?"

"ఆసుపత్రిలో రోజూ తుడుస్తారే పిచ్చిదానా!"

"చెప్పకక్కా, నీకు దణ్ణం పెడతా. నన్ను తీసేస్తారు."

బయట లారీ హారన్ కొట్టింది. చెబితే చెల్లెలి నోటికాడ కూడు పోతుంది. చెప్పకపోతే ఏ నర్సో తెల్లటి డొప్ప మీద తడుముకుంటుంది. ఆమె తుడిచిన డొప్పను చేత్తో పట్టుకుని మేనేజరు గదికి నడిచింది. వెనకాలే చెల్లెలు.

మేనేజరు సంగతి విని లారీని ఆపించి, అంతెత్తున లేచాడు. "రంగు కలిపిందెవరు?"

అక్క వెనక్కి తిరిగి చూసింది. చెల్లెలు నేల చూపులు చూస్తోంది.

"ఇవాళ నేనే కలిపాను సార్."

"నువ్వా? పంతొమ్మిదేళ్ల తర్వాత ఈ నిర్వాకమా!" ఆయన తల కొట్టుకున్నాడు. "ఇక మిషను ముట్టుకోకు. ఆ నాలుగు వందలూ తుడిచిపెట్టు. నీ చెల్లెలు నెలగా నీ పని చూస్తూనే ఉందిగా, రేపట్నుంచి మిషను మీద తనే కూర్చుంటుంది."

చెల్లెలు అప్పుడైనా నోరు విప్పుతుందని అక్క చూసింది. విప్పలేదు. మిషను పోయినందుకు కాదు, అందుకు అక్కకు పట్టరాని కోపం వచ్చింది.

సాయంత్రం ఇద్దరూ ఇంటికి నడిచారు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ చెల్లెలు మెల్లగా అంది:

"రేపు నన్ను కాస్త ముందే లేపక్కా. మిషను మీద మొదటిరోజు, ఆలస్యమైతే బాగోదు."