పోశవ్వ ఎందుకు తినడం లేదు

2021 వానాకాలం. కరోనా రెండో వేవ్ కాస్త నెమ్మదించింది. సూరత్‌లోని లింబాయత్‌లో ఒక చిన్న క్లినిక్‌లో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. మా అమ్మానాన్నలు సిరిసిల్ల నుంచి మగ్గాల పనికి వచ్చినవాళ్లే. అందుకే తెలుగువాళ్లు ఎవరొచ్చినా నా గదికే పంపేవారు.

పోశవ్వను కోడలు లావణ్య తీసుకొచ్చింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. కరోనాతో ఆస్పత్రిలో ఉండి వచ్చాక కాళ్లు పుల్లల్లా అయ్యాయి. ఇలా కండ కరిగి బలం పోవడాన్ని సార్కోపీనియా అంటాం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమన్నాను. చైర్ స్టాండ్ టెస్ట్ అంటే అదే. ఒక్కసారి కూడా లేవలేకపోయింది.

కిడ్నీల సంగతి తెలిపే క్రియాటినిన్ పరీక్ష బాగానే ఉంది. ప్రొటీన్ ఎక్కువ పెట్టినా ఫర్వాలేదని ధైర్యంగా తిండి చార్ట్ రాసిచ్చాను. పొద్దున గుడ్లు, మధ్యాహ్నం గట్టిపప్పూ పెరుగూ, సాయంత్రం గుగ్గిళ్లు, రాత్రి కోడికూర. మనం తిన్న ప్రొటీన్ కడుపులో అమైనో ఆసిడ్లుగా విడిపోతుంది. కండ తయారయ్యేది వాటితోనే. వాటిలో ల్యూసిన్ అనేది కండను పనికి పురమాయిస్తుంది. వయసు మీదపడ్డ కండ ఆ మాట ఒక పట్టాన వినదు. అందుకే ఒక్క పూట కాకుండా ప్రతి పూటా సరిపడా తినాలి, కాళ్లకు పనీ చెప్పాలి.

మూడు వారాల తర్వాత చూస్తే బరువు ఇంకా తగ్గింది.

"నేను పెడుతనే ఉన్న మేడం, అత్తమ్మనే తింటలేదు" అంది లావణ్య, కళ్లనీళ్లు తిరుగుతుంటే.

"ఆకలైతలేదు బిడ్డా" అంది పోశవ్వ.

మా క్లినిక్ డాక్టర్‌గారు మళ్లీ పరీక్షలు చేయించినా ఏమీ తేలలేదు. ఆదివారం నేనే వాళ్లింటికి వెళ్లాను. లావణ్య చీరలకు లేసు కుడుతోంది. పోశవ్వ పక్కన చెంబు నిండా నీళ్లు. పొద్దున పెట్టినవి అలాగే ఉన్నాయట. ఆకలి లేనివాళ్లు కూడా నీళ్లు తాగుతారు కదా. పాల ప్యాకెట్ తెమ్మని లావణ్యను కిందికి పంపాను.

"నీళ్లెందుకు తాగుతలేవు అవ్వా?"

పోశవ్వ తలుపు వైపు చూసింది. తర్వాత మెల్లగా అంది. "తాగితే పోవాలె గద. లెట్రిన్ల కూసుంటే లేస్తలేను. మొన్న కోడల్ని పిలిస్తే లేపింది. సిగ్గుతోని సచ్చిన. తినకపోతే పోయే పనే ఉండదని..."

నేను వెతుకుతున్న జబ్బు అది. లేవలేక తిండి మానేసింది, తిండి మానేసి ఇంకా లేవలేకపోతోంది. ఎక్కడ పట్టుకోవాలో తెలిసిపోయింది. సంతోషంతో ఆమె చేతులు పట్టుకున్నాను. ఆమె ఒప్పుకున్నాకే లావణ్యకు చెప్పాను.

"గింత మాట నాతోని చెప్తే అయిపోతుండె గదా అత్తమ్మా" అంది లావణ్య.

"పొద్దుగూకెదాక కుట్టుపని చేస్తవు. నిన్నెన్నిసార్లు లేపుమందు?"

మర్నాడే కమోడ్ కుర్చీ తెప్పించారు. పట్టుకోవడానికి గోడకు ఇనుప రాడ్ బిగించారు. ఆ రోజు పోశవ్వ రెండు గ్లాసుల మజ్జిగ అడిగి మరీ తాగిందట. వారంలో గుడ్లు మొదలయ్యాయి, తర్వాత గట్టిపప్పు, గుగ్గిళ్లు. రోజుకు మూడుసార్లు కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడం. ఆరో వారానికి పట్టుకోవడం మానేసింది.

దసరా ముందు లావణ్య ఫోన్‌లో ఒక వీడియో పంపింది. తను సూరత్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, లెక్క గుజరాతీలోనే వస్తుంది. "ఏక్, బే, త్రణ్..." అని లెక్కపెడుతుంటే పోశవ్వ చేతులు ఛాతీ మీద కట్టుకుని లేస్తోంది. "పాంచ్" దగ్గర కూర్చోలేదు. నిలబడే ఉండి, "ఇంకా చెయ్యాల్నా?" అని అడిగింది. క్లినిక్‌లో కనబడ్డవాళ్లందరికీ ఆ వీడియో చూపించాను.

అప్పటినుంచి పెద్దవాళ్లు వస్తే ఏం తింటున్నారని మొదటే అడగను. కూర్చుంటే ఎవరి సాయం లేకుండా లేవగలరా అని అడుగుతాను. చాలామంది పక్కనున్న కొడుకు వైపో కోడలి వైపో చూస్తారు. అప్పుడు వెంట వచ్చినవాళ్లను కాసేపు బయట కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి మళ్లీ అడుగుతాను.