తార్నాక ఇంట్లో కాఫీ గింజల వాసన

దయ్యాలూ ఆత్మలూ అని చెప్పేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకే. మా చర్చిలో ఎవరైనా లేచి తమకు దర్శనం కలిగిందంటే, ఆ రోజు జ్వరం ఏమైనా ఉందా అని అడిగేదాన్ని. నా చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కానీ నల్లకుంటలోని చిన్న గ్రంథాలయంలో సైన్సు పుస్తకాలు చాలావరకు చదివేశాను. ఇంగ్లీషువి అయితే డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. దేనికైనా ఎక్కడో ఒక పుస్తకంలో కారణం దొరుకుతుందని నా నమ్మకం. ఈ ఒక్క సంగతికి మాత్రం ఆ పుస్తకం ఇంకా దొరకలేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. తార్నాకలో, యూనివర్సిటీకి దగ్గర్లో మా ఇల్లు. నాన్న గుంటూరు వైపు నుంచి టీచరుగా వచ్చి కట్టుకున్నారు. ఆయన పోయాక అమ్మా నేనూ మిగిలాం. నేను లాలాపేట్‌లో ఒక చిన్న స్కూల్లో లైబ్రరీ చూసుకునేదాన్ని. పగలంతా అమ్మ ఒక్కతే. ఆమెకు షుగరు. మేడ మీద గదిలో ఎవరైనా మంచివాళ్లు అద్దెకు దిగితే నాకు ధైర్యంగా ఉంటుందని ఎదురుచూసేదాన్ని. కానీ ఏ రోజు బందో, ఏ రోజు లాఠీచార్జో తెలియని ఆ రోజుల్లో యూనివర్సిటీ పక్కన ఇల్లంటే ఎవరూ రాలేదు.

పక్కింటి యాదమ్మక్క యూనివర్సిటీ లేడీస్ హాస్టల్ మెస్‌లో వంట చేసేది. ఒకరోజు గోడ మీది నుంచి పిలిచింది.

“ఏంది సుజాతమ్మా, మేడ గట్లనే ఖాళీగ ఉంచుతవా? మా హాస్టల్ల ఒక పిల్ల ఉన్నది. ఇథియోపియా అంట. బంగారమసొంటి పిల్ల. మెస్సు బందయినప్పుడల్లా బ్రెడ్డు తిని పంటున్నది.”

“అమ్మనడిగి చెప్తానక్కా.”

“మీ ఆంధ్రోళ్లతోని గిదే! ఊ అనెతందుకు గూడ మీటింగు పెడ్తరు.”

లోపలి నుంచి అమ్మ అరిచింది. “మీటింగు అయిపోయింది యాదమ్మా! ఆ పిల్లని రమ్మను.”

ఆ అమ్మాయి పేరు సెలామ్. ఎమ్మెస్సీ చదవడానికి వచ్చి నెల కూడా కాలేదు. హాస్టల్లో ఉండాలా, బయట గది తీసుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతోంది. క్యాంపస్‌లో ఉంటే ల్యాబు, లైబ్రరీ నడిచివెళ్లేంత దూరం. తోటి విదేశీ విద్యార్థులు తోడుంటారు. కానీ గొడవలైతే మెస్ మూసేస్తారు, టియర్ గ్యాస్ కిటికీల్లోంచి లోపలికి వస్తుంది. బయట ఉంటే తన వంట తను చేసుకోవచ్చు. అయితే అడిక్‌మెట్‌లో అడిగిన చోటల్లా ఆమె రంగు చూసి, బోర్డు వేలాడుతున్నా గది ఖాళీ లేదన్నారట. నవ్వుతూనే చెప్పింది. నాకే తలెత్తబుద్ధి కాలేదు.

మేడ మీదికి తీసుకెళ్లాను. గది మధ్యలో నిలబడి గట్టిగా ఊపిరి పీల్చింది.

“కింద కాఫీ గింజలు ఎవరు వేయిస్తున్నారు ఆంటీ?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఎవరూ వేయించడం లేదు. మేం కొట్లో పొడి కొనుక్కుంటాం. నాకు గానీ, వెనకే వచ్చిన అమ్మకు గానీ ఏ వాసనా తగల్లేదు. వాళ్లమ్మమ్మ ఇంట్లో పెనం మీద పచ్చి గింజలు వేయిస్తే అచ్చం ఇలాగే ఉంటుందని చెప్పింది. కాఫీ పుట్టింది వాళ్ల దేశంలోనేనని నేను చదివాను. ఇంటి మీద బెంగ ఉన్నవాళ్లకు వాసనలు గుర్తుకొస్తాయనీ చదివాను. అదే చెప్పాను కూడా. తలూపి వెళ్లిపోయింది. తర్వాత ఫోన్ చేసి, సీనియర్లు లోపలే ఉండమంటున్నారనీ, హాస్టల్లోనే ఉండిపోతాననీ, ఏమీ అనుకోవద్దనీ చెప్పింది. అమ్మ మొహం చిన్నబోయింది.

కొన్నాళ్లకు మళ్లీ ఫోన్. ఆ గది ఇంకొక్కసారి చూడొచ్చా అని. ఆ వాసన ఇంకా ఉందేమో చూడాలనుందని సిగ్గుపడుతూ అంది. రేపు నాలుగింటికి రా, అప్పటికి నేను స్కూలు నుంచి వచ్చేస్తానన్నాను.

మర్నాడు పొద్దున నేను స్కూలుకు వెళ్లాక అమ్మ షుగర్ మాత్ర వేసుకుంది. ఆ పిల్ల వచ్చేలోగా గది ఊడ్చేద్దాం, టిఫిను తర్వాత తినొచ్చు అనుకుందట. చీపురు పట్టుకుని ఇంటి వెనక మెట్ల దాకా వెళ్లి, అక్కడే స్పృహ తప్పి పడిపోయింది. వీధిలోంచి చూస్తే ఆ మెట్లు కనబడవు. ఆ పొద్దున యూనివర్సిటీ గేటు దగ్గర గొడవ మొదలై, టియర్ గ్యాస్ మా వీధి దాకా వచ్చింది. అందరూ తలుపులు వేసుకున్నారు. సాయంత్రం నేను వచ్చేదాకా అమ్మను చూసేవాళ్లు ఎవరూ లేరు.

కానీ సెలామ్ పది గంటలకే వచ్చింది.

దీనికి కారణం ఉంది. తర్వాత గ్రంథాలయంలో కూడా చదివి ఖాయం చేసుకున్నాను. ఇథియోపియాలో గంటలు సూర్యోదయం నుంచి లెక్కపెడతారు. మనకు పొద్దున పది అంటే వాళ్లకు నాలుగు. ఇక్కడికి వచ్చాక ఆమె మనసులోనే లెక్క మార్చుకునేది. ఆ రోజు మర్చిపోయింది. వాళ్ల లెక్కలోనే పెట్టుకున్న తన చేతి గడియారం ప్రకారం సరిగ్గా టైముకే వచ్చింది.

ఇక్కడిదాకా నాకు అర్థమవుతుంది. ఆ తర్వాతిదే అర్థం కాదు.

ముందు తలుపు వేసి ఉంది. పిలిస్తే ఎవరూ పలకలేదు. గ్యాస్‌కి కళ్లు మండుతుంటే ఆమె తడి చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. గేటు దాటబోతుండగా కాఫీ గింజలు వేగుతున్న వాసన గుప్పుమందట. అంత గ్యాస్‌లో, ముక్కుకు అడ్డంగా తడిబట్ట ఉండగా. ఇంట్లో ఎవరో ఉన్నారనుకుని ఆ వాసన వెంట ఇంటి వెనక్కి వెళ్లింది. మెట్ల దగ్గర అమ్మ కనబడింది. కేకలు వేసింది.

మెస్ మూసేశారని ఇంట్లోనే ఉన్న యాదమ్మక్క పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ అమ్మను మోసుకుని వీధి చివరికి తెచ్చి, ఎలాగో ఒక ఆటో ఎక్కించారు. మెయిన్ రోడ్డు నిండా జెండాలు పట్టుకున్న విద్యార్థులు. యాదమ్మక్క తల బయటపెట్టి అరిచిందట, “బిడ్డా, జర జరుగుండ్రి! పానం మీదికొచ్చింది!” వాళ్లే చేతులు కలిపి గుంపును రెండుగా చీల్చి దారిచ్చారు. కొందరు ఆటో ముందు పరుగెత్తారు. మీరు ఏ ఊరివాళ్లు అని ఎవరూ అడగలేదు. ఆ పిల్లల్లో ఒక్కరి పేరు కూడా నాకు తెలియదు.

షుగరు బాగా పడిపోయిందనీ, ఇంకాసేపైతే దక్కేది కాదనీ డాక్టరు చెప్పాడు. మర్నాటికి అమ్మ లేచి కూర్చుని, హాస్పిటల్ ఉప్మాలో ఉప్పు లేదని సణిగింది. ఆ సణుగుడు వింటూ నేను ఏడ్చేశాను.

ఆ సాయంత్రమే యాదమ్మక్క మాటల మధ్యలో అంది. “పొయ్యి మీద కాఫీ మాడినట్టు వాసనొచ్చింది సుజాతమ్మా. ఎవరింట్లనో చూద్దామని బయటికొచ్చిన. వస్తె ఈ పిల్ల మొత్తుకుంటున్నది.”

సెలామ్‌కు వచ్చిన వాసన గురించి ఆమెకు మేమెవరం చెప్పలేదు. సెలామ్‌కు తెలుగు రాదు, ఈమెకు ఇంగ్లీషు రాదు. ఇంటికి వెళ్లి చూశాను. మా పొయ్యి మీద ఏమీ లేదు. పొడి డబ్బా మూత గట్టిగానే ఉంది. మా వెనక ఇల్లు చాలా రోజులుగా తాళం వేసి ఉంది. వీధిలో ప్రతి ఇంట్లో అడిగాను. పచ్చి కాఫీ గింజలు ఎవరి దగ్గరా లేవు.

సెలామ్ ఆ వారమే హాస్టల్ ఖాళీ చేసి మా మేడ మీదికి వచ్చేసింది. చదువు అయ్యేదాకా మాతోనే ఉంది. అమ్మ టిఫిను తిన్నాకే మాత్ర వేసుకుందా లేదా అని నాకంటే గట్టిగా తనే చూసుకునేది.

ఒకరోజు ఊరుకోలేక, నీకేమనిపిస్తుందని ఆమెనే అడిగాను. ఆమెకు అందులో వింతేమీ కనిపించలేదు. వాళ్ల ఊళ్లో కాఫీ గింజలు వేయించినప్పుడు ఆ పొగ బయటికి పోనిస్తారట. ఇరుగుపొరుగుకు అదే పిలుపు. “పిలిచారు ఆంటీ, వచ్చాను,” అంది.

ఎవరు పిలిచారన్నదే నాకు కావాలి. అది ఇప్పటికీ తెలియలేదు. రాత్రి ప్రార్థనలో సెలామ్ పేరు, యాదమ్మక్క పేరు చెప్పి, దారిచ్చిన పిల్లలందరికీ కలిపి కృతజ్ఞతలు చెప్తాను. ఆ తర్వాత ఇంకొకరికి చెప్పాల్సింది ఉంటుంది. పేరు తెలియక అక్కడ కాసేపు ఊరికే ఆగుతాను. పక్క మంచం మీద నుంచి అమ్మ, “అయిందా? ఆమెన్ అను, నిద్రొస్తోంది,” అంటుంది.