తూకం గదిలో వినిపించిన అడుగులు

రాయ్‌మునీ కుజూర్ మా నీల్‌ఝోరా తేయాకు తోటలోనే పుట్టింది. వాళ్లమ్మ ఆకు కోసేది. నాన్న ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ఉండేవాడు. సిలిగురిలో కంప్యూటర్ చదువుకుని అక్కడే ఉద్యోగంలో కుదురుకున్న పిల్ల, ఒక వేసవిలో జీపు దిగి, పెద్ద అట్టపెట్టె పట్టుకుని నా గది ముందు నిలబడింది.

"పరిమల్ కాకా, నాకు మీ గదిలో ఒక మూల కావాలి."

నేను ఆ తోటలో ఆకు తూచే గుమాస్తా బాబుని. తూకం గదికి మందపు గోడలు, ఆగకుండా వచ్చే కరెంటు ఉన్నాయి. అందుకే సర్వరు అక్కడ పెడతానంది.

మా తోటకి ఒకవైపు అడవి, ఇంకోవైపు నది. మధ్యలో మేము. మహాకాల్ బాబా మంద నదికి పోవాలంటే మా మీదుగానే పోవాలి. ఏనుగు అనే మాట మా దగ్గర ఎవరూ నోటితో అనరు, మహాకాల్ బాబా అనే అంటారు. అంతకు ముందు శరత్తులో మంద నేరుగా ఆకు కోసేవాళ్ల మధ్యకి వచ్చేసింది. ఆ పరుగుల్లో ఆకు కోసే సోమారీ కాలవలో పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆ తర్వాతే అడవి జంతువుల సంఘం వాళ్లెవరో వచ్చి అడవి అంచు పొడవునా నేలలో డబ్బాలు పాతి వెళ్లారు. నేల ఏ కాస్త అదిరినా అవి పట్టి పంపిస్తాయి. ఆ అదురు వచ్చింది వచ్చినట్టు అందుకుని, అడిగిన క్షణాన జవాబు చెప్పేలా సర్వరును సిద్ధం చేయడం రాయ్‌మునీ పని.

ఆమె మేనమామ ఎత్వా టిర్కీ టపాసులు, టార్చిలతో మందని తోలే దండుకి పెద్ద. గుమ్మంలో నిలబడి వెక్కిరించాడు.

"మహాకాల్ బాబా నీ డబ్బాకి చెప్పి వస్తాడా, పిల్లా?"

"చెప్పడు మామా. కానీ నేల మీద కాలు పెట్టకుండా రాలేడుగా?"

మొదటి రోజు పొద్దున సర్వరు నడిపించగానే ప్రపంచమంతా ఆ మూలకి వచ్చిపడింది. గాలికి ఊగే చెట్ల వేళ్లు, ట్రాక్టరు, ఎక్కడో పోయే గూడ్సు బండి, బుట్టలు మోస్తూ నడిచే ఆడవాళ్లు, అన్నీ తెర మీద వణికే గీతలే. నేను రోజూ నడిచే నేల ఇంత మాట్లాడుతుందని నాకు తెలియదు. అన్నం వేళ కాకముందే గీతలు ఆగిపోయాయి. సర్వరు బిగుసుకుపోయింది.

"ఏమైందే?"

"వచ్చిందంతా నోట్లోనే పెట్టుకుంటోంది కాకా. మింగడం నేర్పాలి."

నేర్పింది. ఇప్పుడిప్పుడే వచ్చిన అదురు మాత్రమే చేతికందే జ్ఞాపకంలో ఉంటుంది. కాస్త పాతబడగానే వేళల వారీగా అరలు కట్టి డిస్కులోకి దించేస్తుంది. ప్రశ్న వేస్తే రెండు చోట్లా వెతికి ఒకే జవాబు చెబుతుంది. ఇదంతా మా తోటలో అందరూ తాగే ఉప్పు టీ తాగుతూ, రొట్టె ముంచుకుంటూ చెప్పింది.

తర్వాత ఎత్వాని డబ్బాల వెంట నడవమంది. అతను విసుక్కుంటూనే కాళ్లు నేలకేసి కొడుతూ నడిచాడు. తెర చూసి ఆమెకి నవ్వాగలేదు.

"మామా, నువ్వు బయలుదేరక ముందే చేరిపోయావు!"

డబ్బాల గడియారాలు దేని దారిన అవి నడుస్తున్నాయి. అన్నింటినీ ఒకే గడియారానికి కట్టి మళ్లీ నడిపించింది. ఈసారి ఫోను చెవి దగ్గర పెట్టుకుని చెప్పసాగింది.

"ఇప్పుడు ఎడమకి తిరిగావు. ఆగావు. కూర్చున్నావా?"

"బీడీ ముట్టించుకున్నా. అది కూడా తెలుస్తుందా ఏంటి?"

"అది తెలీదులే. అత్తకి చెప్పను."

కొన్నాళ్లకి, మబ్బు పట్టిన ఒక మధ్యాహ్నం, అడవి అంచు మడిలో ఆడవాళ్లు ఆకు కోస్తున్నారు. తెర మీద బరువైన, తొందర లేని దెబ్బలు మొదలయ్యాయి. ఒక డబ్బా, దాని పక్కది, ఆ పక్కది. ఎత్వా టపాసుల సంచితో పరుగెత్తుకొచ్చాడు.

"ఎంత దూరంలో ఉన్నారు?"

"ఆగిపోయారు మామా. ముందుకి రావడం లేదు."

"అక్కడ నీళ్లు లేవే, ఎందుకాగుతారు? ఇప్పుడే వెనక్కి తోలేస్తా."

"ఒక్క నిమిషం ఆగు."

ఆమె సర్వరుని పొద్దుటి నుంచి ఏం జరిగిందో అడిగింది. ఒక అడుగు పొద్దున్నించీ ఆ చోటే తచ్చాడుతోంది. మిగతావన్నీ తర్వాత వచ్చి దాని చుట్టూ నిలబడ్డాయి. ఆమె వేలు తెర మీదే ఉంది. అంతలో పెద్ద అదురు ఒకటి. తర్వాత ఏమీ లేదు. మంద మొత్తం ఊపిరి బిగబట్టినట్టు గీతలన్నీ చదునుగా పడుకున్నాయి. మేమూ అలాగే నిలబడ్డాం.

చాలాసేపటికి గీత సన్నగా కదిలింది. తేలిక అడుగు, తడబడే అడుగు. పడింది. మళ్లీ లేచింది.

"బిడ్డ," అంది రాయ్‌మునీ.

ఎత్వా సంచి కింద పెట్టేశాడు. "ఇన్నేళ్లు వాళ్ల వెనకే తిరిగాను. ఇది మాత్రం ఎన్నడూ చూడలేదు తల్లీ," అన్నాడు.

నేను మేనేజరు సాహెబుకి ఫోను చేశాను. ఆకు ముదిరిపోతుందని కాసేపు గొణిగాడు కానీ, పని ఆపమన్నాడు. ఆడవాళ్లు బుట్టలు అక్కడే వదిలి, అరుపు లేకుండా రోడ్డు అవతలికి నడిచి వచ్చేశారు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ సైరను, మా భోంపు, కూడా మోగలేదు.

పొద్దు వాలే వేళకి మంద పొదల మధ్య నుంచి బయటికి వచ్చింది. పెద్దవాళ్ల కాళ్ల సందున ముడతలు పడిన చిన్న వీపు. ప్రతి నాలుగడుగులకీ అది ఆగేది. అది ఆగితే మందంతా ఆగేది. రోడ్డు అవతల ఆడవాళ్లు చెప్పులు విడిచి, చేతులు జోడించి నిలుచున్నారు. వాళ్లలో సోమారీ కూడా ఉంది. తల్లి మా వైపు ఒకసారి తిరిగి చూసింది. చెవులు విప్పలేదు, తొండం ఎత్తలేదు. బిడ్డని పొట్ట కిందికి జరుపుకుని నది దారి పట్టింది.

రాయ్‌మునీ తూకం గది వరండా స్తంభం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె చెంపల మీద నీళ్లు కారుతుంటే, "దుమ్మా?" అన్నాను. "కాదు కాకా, నేను డబ్బాలు, గీతలు సరిచేస్తున్నాననుకున్నా. అవతల ఉన్నది ఇంత పెద్దదని నాకేం తెలుసు?" అంది.

మర్నాడు కూలీల ఇళ్ల లైన్ల నుంచి ఆడవాళ్లంతా తూకం గదికి వచ్చారు. రాయ్‌మునీ డిస్కులోంచి ఆ మధ్యాహ్నాన్ని బయటికి తీసి, ఆ అదురుని చెవికి అందే చప్పుడుగా మార్చి స్పీకరులో పెట్టింది. ముందు పెద్ద అదురు, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఆ చిన్న అడుగులు. అడుగు తడబడినప్పుడల్లా సోమారీ "లే నాన్నా, లే" అంటోంది. అయిపోగానే ఎత్వా గొంతు సవరించుకున్నాడు.

"వెనక ఉన్నవాళ్లకి వినపడలేదట. ఇంకోసారి పెట్టు, పిల్లా."

వినపడలేదని వెనక ఎవరూ అననే లేదు. ఆమె మళ్లీ పెట్టింది.