డయల్‌కి వేసిన తాళం

మొదటిసారి సెల్‌ఫోన్ కొన్నప్పుడు, దానికి లాక్ కోడ్ పెట్టుకోమన్నారు మా ఆయన. నాకు వెంటనే తణుకు ఇంట్లోని మా నల్ల ఫోను గుర్తొచ్చింది.

తొంభైల్లో మా వీధి మొత్తానికి ఫోన్ మా ఇంట్లోనే ఉండేది. ఎవరడిగినా కాదనడం మా అత్తగారికి చేతకాదు. పక్కింటి పిన్నిగారు ప్రతి ఆదివారం వచ్చి, జంగారెడ్డిగూడెంలో కాపురముంటున్న కూతురితో మాట్లాడేవారు. కూరేం వండావు దగ్గర మొదలైతే ఒక పట్టాన తెమిలేది కాదు. నాకు ఒళ్ళు మండేది. ఓ రోజు బజార్లో చిన్న తాళం కొని, డయల్ కన్నంలో బిగించాను. ఫోన్ వస్తే మాట్లాడొచ్చు గానీ, చెయ్యాలంటే డయల్ తిరగదు. అత్తగారు జాలిపడి తీసేస్తారని తాళంచెవి మా ఆయన గుత్తిలో వేశాను. నా తెలివి అలా ఉండేది.

పిన్నిగారు తాళం చూసి, "పర్లేదమ్మా" అని వెళ్ళిపోయారు. అప్పటినుంచి గొడుగేసుకుని, ఎండలో ఎస్టీడీ బూత్ దాకా నడిచేవారు.

ఆ వేసవిలోనే ఓ మధ్యాహ్నం అత్తగారికి ఊపిరాడలేదు. ఉబ్బసం మనిషి. పెదాలు నీలంగా అయిపోయాయి. తాళంచెవి ఉన్న మా ఆయనేమో తునిలో ఉన్నారు. డయల్ పట్టుకు లాగాను, అట్లకాడతో పొడిచాను. కదల్లేదు. నా ఏడుపు విని పిన్నిగారు పరుగెత్తుకొచ్చారు.

"డాక్టరుగారి నెంబరెంతమ్మా?"

చెప్పాను. ఆవిడ రిసీవరెత్తి, దాని కిందుండే మీటని వేలితో టకటకా కొట్టారు. ఏ అంకైతే అన్ని దెబ్బలు, కాస్త ఆగి మళ్ళీ. అవతల ఫోన్ మోగింది. డాక్టరుగారు స్కూటర్ మీద వచ్చి ఇంజెక్షన్ చేశారు. గంటకి అత్తగారు కుదుటపడి నిద్రపోయారు.

"ఇదెప్పుడు నేర్చుకున్నారండీ?" అని పిన్నిగారిని అడిగాను.

"మీ బాబాయిగారు బతికున్నప్పుడు టెలిఫోన్ లైన్‌మేన్ కదమ్మా. పెళ్ళైన కొత్తలోనే నేర్పారు."

"మరి ఇన్నాళ్ళూ ఆ ఎండలో బూత్‌కెందుకు వెళ్ళారు?"

"నువ్వు తాళం వేసుకున్నావు కదమ్మా" అన్నారావిడ.

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. సిగ్గుతో చచ్చిపోయాను. మా ఆయన రాగానే తాళం తీయించి, ఆదివారం నేనే వెళ్ళి ఆవిణ్ణి పిలుచుకొచ్చాను.

సెల్‌ఫోన్‌కి కోడ్ పెట్టుకున్నాను, నిజమే. ఆ కోడేమిటో మా ఆయనకంటే ముందు పిన్నిగారికే చెప్పాను.