రిలే ఎప్పుడూ చివర్నే

చీరాల బజారులో మా నాన్నకి బట్టల కొట్టు ఉండేది. ఎడమపక్క పెదనాన్న పచారీ కొట్టు, కుడిపక్క మేనమామ స్టీలు సామాన్ల కొట్టు. మా ఇళ్ళల్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు బేరం వచ్చేది. సిడ్నీ వచ్చి ఇన్నేళ్ళయినా, అంటించిన ధరే చెల్లే ఈ ఊళ్ళో కూడా, నా నోరు ఊరుకోదు. ఎడ్మండ్‌సన్ పార్క్‌లో ఇల్లు కట్టించుకున్నప్పుడు బిల్డరు చేత కిటికీలన్నిటికీ దోమతెరలు ఊరికే పెట్టించుకున్నది మా వీధి మొత్తంలో నేనొక్కదాన్నే. ఇంత విద్య ఉండి, నేను చేసిన అతి చెడ్డ బేరం తొమ్మిదో తరగతిలో జరిగింది.

అప్పట్లో నేను ఖోఖో ఆడేదాన్ని. వారానికి రెండు డ్రిల్లు పీరియడ్లు, రెండూ మధ్యాహ్నం ఆఖరివే. ఓణీ నడుముకి బిగించి, చెప్పులు గోడవార వదిలేసి, కాలే ఇసకలోకి దిగేవాళ్ళం. ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి ఎనిమిది మందిమి వరసగా గొంతుక్కూర్చుంటే, వెనకనుంచి వీపుమీద చరుపు పడి "ఖో" అని వినపడేదాకా లేవడానికి లేదు. ఆ ఎదురుచూపులో పిక్కలు వణికేవి. చరిచింది ఎవరో చూడకుండానే తెలిసేది. మగ్గం నేసే ఇంటి పిల్ల చెయ్యి గట్టిది, పోస్టుమాస్టరు గారమ్మాయిది దూది. క్లాసులో నాతో పలకని పిల్ల కూడా అక్కడ నా వీపు చరిచి, నేను లేచిన చోట కూర్చుని, ఇక నేను పట్టుకొస్తానని నమ్మేది. ఆ నమ్మకం నాకు మరెక్కడా దొరకలేదు. మా కొట్లో అయితే అసలే లేదు.

తొమ్మిదిలో లెక్కల మాస్టారు, డ్రిల్లు మానుకున్నవాళ్ళకి ఆ రెండు పీరియడ్లూ విడిగా పాఠం చెబుతానన్నారు. నాన్న నన్ను చేరమన్నారు. నేను ఊరికే ఒప్పుకుంటానా? పై అరలో ఉన్న నెమలికంఠం రంగు పట్టు పరికిణీ చూపించాను. నాన్న కింది అరలోది ఇస్తానన్నారు. కొట్టు దిగి నాలుగడుగులు వేశాను. వెనక్కి పిలిచారు. మామయ్య తన కొట్లోంచి, "మీ కూతురు మిమ్మల్నే ముంచేసింది బావగారూ" అని పొద్దుగూకేదాకా నవ్వాడు.

లెక్కల గది కిటికీ ఆటస్థలం వైపే ఉండేది. "ఖో" వినపడ్డప్పుడల్లా నా పిక్కలు బిగిసేవి. మా జట్టు నా చోట్లో ఎనిమిదో తరగతి పిల్లని కూర్చోబెట్టుకుని జోనల్ పోటీలకి బాపట్ల వెళ్ళింది, ఓడిపోయి వచ్చింది. ఎవరివల్ల ఓడారో చెప్పుకుని కీచులాడుకుంటూ నవ్వుతుంటే పక్కన నిలబడ్డాను. నన్నెవరూ ఏమీ అనలేదు. ఎందుకు రాలేదని అడగనైనా లేదు. లెక్కల్లో మార్కులు బాగానే వచ్చాయి, ఆ మాట కూడా చెప్పాలి.

ఇంత తెలిసినదాన్ని, మూడేళ్ళ కిందట అదే పని మళ్ళీ చేయబోయాను. మా అమ్మాయి అప్పుడు అయిదో తరగతి. స్కూలు తరఫున జోన్ పోటీల్లో రిలే పరిగెత్తడానికి నలుగురు ఆడపిల్లల్ని ఎంచుకుంటే, అందులో మూడోది ఇది. పోటీలు శుక్రవారం. అదే రోజు సాయంత్రం నాలుగింటికి ట్యూషన్‌లో పరీక్ష పెట్టారు. ప్రతిభ చూసి చేర్చుకునే సెలెక్టివ్ స్కూలు ఎంట్రన్స్‌కి చదివే పిల్లల్లోంచి టాప్ బ్యాచ్‌ని ఏరే పరీక్ష అది. ట్యూషన్ నడిపేది మనవాళ్ళ అంకులే.

స్పోర్ట్స్ టీచర్ని గేటు దగ్గర పట్టుకున్నాను. రిలేని లంచ్‌కి ముందుకి జరపమన్నాను. జోన్‌లో ఎన్ని స్కూళ్ళున్నాయో చెప్పి, రిలే ఎప్పుడూ చివర్నే అన్నాడాయన. అయితే మా అమ్మాయి బదులు ఇంకొకరిని పెట్టుకోమని, అందుకు ఏడాది పొడుగునా స్కూలు నిధుల కోసం మాంసం కాల్చి అమ్మే సాసేజ్ సిజిల్‌లో నేనే నిలబడతానని ఆశ పెట్టాను. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డయినా ముట్టనిదాన్ని. ఆయన టోపీ తీసి తల గోక్కుని, సాసేజ్‌ల సంగతి సంతోషమే గాని రిలే తన సొత్తు కాదని, ఆ నలుగురిదని, వాళ్ళనే అడగమని చెప్పి, గడ్డిలో బేటన్ అందించుకుంటున్న పిల్లల్ని చూపించాడు.

వెళ్ళి చెప్పాను. ఆట ఆగిపోయింది. అయిదో మనిషి లేదని ఒకమ్మాయి మెల్లిగా అంది. ముక్కుమీద మచ్చలున్న ఇంకో పిల్ల నన్నూ మా అమ్మాయినీ మార్చి మార్చి చూసి, "ఇట్స్ ఓకే, ఆంటీ" అని బేటన్ సంచిలో పెట్టేసింది. ఏడిస్తేనో అలిగితేనో బేరమాడేదాన్ని. "ఓకే"తో ఏం చేయను?

నా తెలుగుకి ఎప్పుడూ ఇంగ్లీషులోనే బదులిచ్చే మా అమ్మాయి, కారు దగ్గరికొచ్చాక బూట్లకేసి చూస్తూ అంది: "దే వోంట్ ఆస్క్ మీ అగైన్, అమ్మా."

కారు తలుపు తెరిచినదాన్ని అలాగే నిలబడి అంకుల్‌కి ఫోన్ చేశాను. "శుక్రవారం పాప రాదు అంకుల్. పరుగుపందెం ఉంది."

"పరుగుపందేనికి టాప్ బ్యాచ్ వదులుకుంటావామ్మా? నేను మళ్ళీ టెస్ట్ పెట్టను."

ఆదివారం రాయిస్తారా, ఇంట్లో రాసి పంపమంటారా, సగం పేపరైనా సరేనా... మూడు బేరాలూ నాలుక చివర దాకా వచ్చాయి. "పోనివ్వండి అంకుల్" అన్నాను. నా సంగతి ఎరిగున్నవాడు కనక, ఇంకేదో అడుగుతానని ఆయన కాసేపు ఫోన్ పెట్టేయలేదు.

మా అమ్మాయి రెండో బ్యాచ్‌లోనే ఉండిపోయింది. సెలెక్టివ్ స్కూల్లో సీటు రాలేదు. ఆ టెస్ట్ రాసుంటే వచ్చేదేమోనని నాకు ఇప్పటికీ అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఆ శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. ఎనిమిది జట్లలో మావాళ్ళు ఆరో స్థానం. అయిపోయాక నలుగురూ గడ్డిమీద వెల్లకిలా పడుకుని, ఎవరు ఆలస్యంగా అందించారో తేల్చుకోలేక పొట్టలు పట్టుకుని నవ్వారు. అలిసిపోయుంటుందని, కారులో తీసుకెళ్తానన్నాను మా అమ్మాయితో. వాళ్ళతో బస్సులో వస్తానంది. నా చేతిలో పులిహోర డబ్బా మాత్రం లాక్కుని, నాలుగు స్పూన్లు ఉన్నాయా అని అడిగింది. ఒకటే తెచ్చానన్నాను.

"ఫైన్, వీ విల్ షేర్" అని బస్సెక్కేసింది.