చుక్కానికో చుక్క

మా కాటమయ్య మామకు ఒక్కటే పిచ్చి. చుక్కానికి ఆముదం పెట్టనిదే పడవ కదిలించడు.

కృష్ణా నదిలో మా ఊరొక దీవి. ఆత్మకూరు పోవాలంటే ఆయన తెరచాప పడవే దిక్కు. దారంతా నీళ్లలో మునిగిన రాళ్లు. అందుకని చుక్కానిని ఇనుప సీలకు వేలాడదీశాడు. రాయి తగిలితే పైకి లేస్తుంది, దాటగానే దిగుతుంది. సీల ఇసుక పట్టి బిగుసుకుంటే మాత్రం లేవదు, విరుగుతుంది. అందుకే ప్రతిసారీ సీల ఊడదీసి, గుడ్డతో తుడిచి, ఆముదం పూసి, చుక్కానిని మూడుసార్లు లేపి దించేవాడు. ఎక్కినవాళ్లమంతా ఆముదం తాగిన ముఖాలతో కూర్చునేవాళ్లం.

ఒకసారి పోలీసు అమీన్ సాబ్ గుడ్లురిమాడు. "జల్ది పోనియ్."

"మీ హుకుం నాకు చెల్తది సాబ్, రాయికి చెల్లదు" అని మామ ఇంకో చుక్క వేశాడు.

ఇంట్లో హనుమమ్మత్త పోరు వేరు. "నా నెత్తికి లేని ఆముదం గా కట్టెకెందుకు?"

"కట్టె బిగుసుకపోతది. నీ నోరు నూనె లేకున్నా మంచిగనే తిరుగుతాంది గదనే."

ఆ పూట మామకు పస్తే.

ఒక ఎండాకాలం మా అక్క యాదలక్ష్మికి నొప్పులు మొదలై రెండు రోజులైనా కాన్పు కాలేదు. "ఇగ నాతోని గాదు, దవాఖానకు తీస్కపోండ్రి" అన్నది మంత్రసాని భద్రమ్మవ్వ. అక్కను మంచం మీద మోసుకుని రేవుకు పరుగెత్తాం. ఆ తొందరలో అవ్వను మరిచేపోయాం.

మామ తీరిగ్గా సీల ఊడదీశాడు. నాకు ఒళ్లు మండింది.

"మామా, అక్క పానం పోతాంది. గిప్పుడు గూడ ఆముదమేనా?"

"జర ఆగు బిడ్డా."

తుడిచాడు, పూశాడు, మూడుసార్లు లేపాడు. మళ్లీ సీల ఊడదీశాడు. ఆయన్ని ఏట్లోకి తోసేద్దామనుకున్నాను. అంతలో భద్రమ్మవ్వ మోకాళ్లు పట్టుకుని, ఇసుకలో కుంటుకుంటూ వచ్చి ఎక్కింది. మామ సీల బిగించి తెరచాప ఎత్తాడు.

గాలి అందుకుంది. మొదటి రాయికి చుక్కాని లేచింది, దిగింది. రెండో రాయికీ అంతే. పడవ ఎక్కడా అదరలేదు. నడి ఏట్లో అక్క గట్టిగా కేక పెట్టింది. అవ్వ చీర అడ్డం కట్టించి మమ్మల్ని అటు తిరగమన్నది. ఆరో రాయి దాటామో లేదో, బిడ్డ కేర్‌మన్నది.

"ఆడివిల్ల. తల్లి మంచిగున్నది" అన్నది అవ్వ. పడవంతా ఒకటే ఈలలు. ఏటిని గెలిచినట్టు మామ చుక్కాని పట్టుకునే చిందేశాడు. దవాఖాన డాక్టరు ఇద్దర్నీ చూసి, తనకేం పని మిగల్చలేదన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మామను మెల్లగా అడిగాను. "రెండోసారి ఆముదం అవ్వ కొరకే గదా?"

"ఊకో, ముసల్దానికి వినబడ్తది. తన కొరకు పడవ ఆగిందని తెలిస్తే సిగ్గువడి రేపటి సంది రేవు మొఖమే చూడదు. అదే చుక్కాని కొరకు ఆగిందంటే ఎవ్వరికీ ఫికర్ లేదు."

ఇన్నేళ్లూ ఆయన చుక్కాని మూడోసారి లేపేసరికి ఎవరో ఒకరు రొప్పుతూ వచ్చి ఎక్కేవాళ్లని అప్పుడు తట్టింది. తిట్టుకున్నందుకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది.

ఆ తర్వాత ఆయన ఆముదం సీసా తీస్తే చాలు, నేను ఒడ్డు వైపు చూసేవాణ్ణి, ఇంకా ఎవరు రావాలో అని.