దారం అయిపోయిన చోట

టైలరమ్మ అన్నగారు గొప్ప కథకుడు. ఆ మాట ఆయనే చెప్పుకుంటాడు, ఇంకెవరూ చెప్పరు కాబట్టి. రంగుల దుకాణంలో డబ్బాల మూతలు తీస్తూ వయసంతా గడిపిన మనిషి, పని మానేశాక ఏమీ తోచక, చచ్చిపోయిన తండ్రిని కథల పుట్టగా తయారుచేశాడు. నలుగురు చుట్టాలు చేరితే చాలు, గొంతు సవరించుకుని ‘మా నాన్న చెప్పేవాడు...’ అని మొదలెడతాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ.

నాన్న చెప్పేవాడట! ఆ ఇంట్లో నాన్న నోటి నుంచి వచ్చిన కథలు రెండే రెండు. ఒకటి, ఒంట్లో బాగాలేదు. రెండోది, రేపు చూద్దాం. ఆ రెండింటితోనే ఆ మహానుభావుడు గోడవైపు తిరిగి పడుకుని బతుకంతా వెళ్లదీశాడు.

కథలు చెప్పింది అమ్మ. బట్టల కంపెనీ నుంచి చొక్కాల మూటలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని చేత్తో కాజాలు కుట్టేది. గుండీ దూరే ఆ చిన్న చీలిక చుట్టూ దారం అల్లుతూ పోవడం చూడ్డానికి తేలికే గానీ, కళ్లు తినేసే పని అది. అమ్మ కళ్లు తొందరగానే దెబ్బతిన్నాయి. చేతి అలవాటు మీద కాజా కుట్టేసేది గానీ సూది బెజ్జంలోకి దారం ఎక్కించలేకపోయేది. అందుకని పిల్లలకి ఒక పద్ధతి పెట్టింది. సూదిలో దారం ఉన్నంతసేపే కథ. దారం అయిపోయిందా, రాజు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండాల్సిందే. మిగతాది కావాలంటే ఎవరో ఒకరు లేచి దారం ఎక్కించాలి.

ఎవరో ఒకరంటే ఎవరు? కూతురే. అన్నగారు నాన్న పక్కలో దూరి, ముసుగుతన్ని వినేవాడు. దారం అయిపోగానే అటు తిరిగి నిద్రపోయేవాడు. లేస్తే పని చెప్తారని భయం. నాన్న పక్కలో పడుకుని విన్న కథలు కాబట్టి, పెద్దయ్యాక అవన్నీ నాన్న కథలే అయి కూర్చున్నాయి. సొమ్మొకడిది, సోకొకడిది.

ఇన్నేళ్లూ టైలరమ్మ పోనీలే అనుకుంది. ముందుగదిలో మిషను పెట్టుకుని, ప్యాంట్లు పొట్టి చేస్తూ, చెడిపోయిన జిప్పులు మారుస్తూ బతికే మనిషికి అన్నగారి కోతలు పట్టించుకునే తీరికెక్కడిది? కానీ ఆరోజు అన్నగారి కూతురు, నెలలు నిండుతున్న పిల్ల, తండ్రిని వెంటబెట్టుకుని, ఫోనుతో ఆ ముందుగదికి వచ్చింది. పుట్టబోయే బిడ్డకి వినిపించడానికి ఆ కథలన్నీ రికార్డు చేస్తుందట. ‘మా తాతయ్య కథలు’ అని పేరు కూడా పెట్టేసిందట.

మిషను మీద టైలరమ్మ కాలు ఆగిపోయింది. అంటే ఈ పిల్ల బిడ్డ, ఆ బిడ్డ బిడ్డలు, అందరూ ఆ పడుకున్న మనిషికే దండం పెడతారన్నమాట. కళ్లు పోగొట్టుకున్న మనిషి ఊసే ఉండదు.

అన్నగారు దర్జాగా మొదలుపెట్టి, ఒక కథ ముగించి రెండోది ఎత్తుకున్నాడు. ఒంటరి ముసలమ్మ ఇంట్లో దొంగ దూరి మంచం కింద దాక్కున్నాడు. ముసలమ్మ దీపం పట్టుకుని మంచం కిందికి వంగింది. అక్కడ ఆయన కాసేపు ఆగి, అప్పుడు మా నాన్న తలుపు తన్నుకుంటూ లోపలికొచ్చి ఆ దొంగ ఎముకలు విరగ్గొట్టాడు అన్నాడు.

“ఇందులోకి తాతయ్య ఎలా వచ్చాడు నాన్నా? ఇందాకటి కథలో కూడా చివర్లో తాతయ్యే వచ్చి కొట్టాడుగా,” అంది కూతురు.

టైలరమ్మ లేచి వచ్చి, సూదీ దారపు ఉండా అన్నగారి ఒళ్లో పడేసింది.

“అక్కడ అమ్మ దారం అయిపోయింది అన్నయ్యా. అందుకే నీకు అంతవరకే తెలుసు. ఎక్కించు, మిగతాది నేను చెప్తా.”

ఆయన దారం కొసని నాలికతో తడిపాడు. ఒక కన్ను మూశాడు. దారం సూది పక్కనుంచి పోయింది, వేలి మీదుగా పోయింది, బెజ్జంలోకి మాత్రం పోలేదు. కళ్లజోడు సరిగ్గా లేదన్నాడు. వెలుతురు చాలట్లేదన్నాడు. చివరికి సూది బల్ల మీద పెట్టేసి లేచాడు.

“ఒంట్లో బాగాలేదే. రేపు చూద్దాం.”

నాన్న కథలు రెండూ ఆయనకి పొల్లుపోకుండా వచ్చు మరి.

మేనకోడలు తండ్రి వెళ్లినవైపు ఒకసారి చూసి, సూది తీసుకుని దారం ఎక్కించింది. టైలరమ్మ ఒక చొక్కా ముందేసుకుని, ‘మా అమ్మ చెప్పేది’ అని మొదట్నుంచీ ఎత్తుకుంది. ముసలమ్మ మంచం కిందికి వంగి, దొంగని చూసి, ఎలాగూ దూరావు కదా నాయనా, ఆ మూల నా చీపురుకి అందదు, కాస్త ఊడ్చేసి రా అంది. ఆ పిల్ల కడుపు పట్టుకుని నవ్వింది. ఫోనులో పేరు మార్చేసింది.

పక్కగదిలో అన్నగారు అప్పటికే గోడవైపు తిరిగి నిద్రపోయాడు. కథ చివర ఏమైందో ఈసారి కూడా వినలేదు.